ఎడం

చందంపేట దాటినంక, తారు అయిపోయి మట్టిరోడ్డు మొదలైన కాడ
ఒక గది కనపడ్తది.
పంపుసెట్టు గది అనుకుంటరు అందరు.
కరెంటు బిల్లు కొట్టేటాయన ఒకసారి వచ్చి
మీటరేదని అడిగిండు.
మీటరు లేదు. పైన సోలారు పలక, లోపల రెండు బ్యాటరీలు,
నేల తవ్వి తవ్వి బండ తగిలినంక
ఆ బండ మీదనే కట్టిన తిన్నె.
తిన్నె గోడలకు తాకదు, చుట్టూ జానెడు సందు.
గోడను గాలి కొడితే తిన్నెకు తెల్వొద్దంట.
దాని మీద బిందెంత మిషను.
నేను రమావత్ పంతులును, మిషనుకు కావలి.

తొమ్మిదేండ్లాయె.
పలక మీద పిట్టరెట్ట తుడవాలె,
మేకలను రానియ్యొద్దు,
భూమిని ఎవరు కదిలిచ్చినా రిజిస్టర్ల రాయాలె.

"మధ్యాన్నం రెండుంపావు. గుట్టవతల క్వారీ పేల్చిండ్రు."
"రాత్రి పదకొండు. సక్రు చెల్కల బోరుబండి.
ఆరువందల ఫీట్లు. నీళ్లు పడలే."
"ఏం లేదు."
"ఏం లేదు."
"పొద్దుగాల ట్రాక్టరు, ఇసుకది."

ఒకనాడు హైదరాబాదు నుంచి ఫోను:
పంతులూ, సాయంత్రం నాలుగు ఇరవైకి ఏమైందక్కడ?
తొక్కుడుబిళ్ల సార్, అన్న. నా బిడ్డ.
అటుదిక్కు కొంచెంసేపు చప్పుడు లేదు.
రాసుకో, అన్నడు.
రాసిన.

వానకాలం శ్రీశైలం గేట్లెత్తితే సాగరు నిండుకుంట వస్తది.
నిండిన దేవరకొండ బస్సుల నిలబడ్డోళ్లు
ఇంకొకనికి చోటిచ్చెతందుకు జరిగినట్టు
కింద బండలు జరుగుతయి.
పాలగిన్నెల మీగడ కూడా కదలదు.
మిషను మాత్రం తెల్లందాక గీస్తనే ఉంటది.

అప్పుడే సారు జీపుల వచ్చి, మా ఇంటి చాయ తాగుకుంట చెప్పిండు.
భూమి పగిలితే రెండు అలలంట.
ముందుది ఉరుకుతది, కీడు చెయ్యదు.
వెనకది నిదానంగొస్తది, ఇండ్లు కూల్చేది అదే.
ముందుదాన్ని మిషను పట్టుకోని
టవరుకెళ్లి కేకేస్తే
వెనకది చేరేలోపల ఇన్ని సెకన్లు దొరుకుతయి.
రైలు ఆపొచ్చు. గ్యాసు కట్టెయ్యొచ్చు.
పసిపిల్లను ఎత్తుకోవచ్చు.

ఎన్ని సెకన్లు సార్?
దూరాన్ని బట్టి. హైదరాబాదుకు ఇరవై.
దేవరకొండకు ఒకటో, రెండో.
మరి ఈడికి?

సారు గ్లాసడుగున చాయపత్తి చూసిండు.
ఈ బండ కిందనే పగిలితే
రెండు అలల నడుమ ఎడం ఉండదు పంతులు,
అరిచేటోని చెవుల అరుపు పడదు.

సరే, ఇరవై అయితే హైదరాబాదుకున్నయి గద.
నా చెల్లె కోమ్లి ఆడనే ఉన్నది,
కోకాపేటల, కడుతున్న బిల్డింగు పద్నాలుగో అంతస్తుల
సిమెంటు తట్టలు మోస్తది.
ఆ రాత్రి ఫోను చేసిన.
ఇరవై లెక్కపెట్టేలోపల ఎంత దూరం దిగుతవే?
లిఫ్టు ఉంటది గద?
నవ్వింది.
లిఫ్టు సిమెంటుకు, భియా. మాకు మెట్లు.
తట్ట దించితే ఒక అంతస్తు. దించకుంటె సగం.

అప్పటిసంది నిద్ర పట్టనప్పుడు లెక్కపెడ్త.
ఒకటి, తట్ట నెత్తిమీదున్నది.
నాలుగు, మేస్త్రీ దిక్కు చూస్తున్నది.
ఏడు, దించాల్నా వద్దా అని.
పన్నెండు...
ఇరవైదాక ఒక్కసారి కూడా పోలేదు నేను,
పదమూడు కాడనో పద్నాలుగు కాడనో
మా తండ కుక్కలు మొరుగుతయి.

నిన్న మళ్ల చెప్పిన:
మోగితే ఉరకకు. తట్ట పారేసి
స్తంభం పక్కకు కూసో, తల కప్పుకో.

ఏం మోగితే, భియా?

ఆమెది బటన్ల ఫోను.
దానికి ఏ కేకా రాదని
నేను సారును అడగలే, ఆమెకు చెప్పలే.

పొద్దుగాల గది తాళం తీసిన.
జానెడు సందుల ఎండిన తొండ ఒకటి, తీసి పారేసిన.
మిషను గీత దారంలెక్క చక్కగున్నది.
రిజిస్టర్ల తారీఖు వేసి రాసిన:
"ఏం లేదు."